ఈమెయిల్ దారిలో ఫ్యాక్స్: ప్రమాణాల తయారీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్స్ సర్వర్లు నడిపేవారు, గేట్‌వే (ఫోను ఫ్యాక్స్‌కూ ఈమెయిల్‌కూ మధ్య వంతెన) సాఫ్ట్‌వేర్ రాసేవారు, ప్రమాణాల పత్రాలను మొదటిసారి చేతిలోకి తీసుకున్న విద్యార్థులు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారడం లేదు. ఒకే జవాబును పదిమందికి విడివిడిగా రాసే బదులు అన్నిటినీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలను పని జరిగే దశల వారీగా పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## పని మొదలుకాకముందు

కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్‌కు జతచేస్తే పోయేదానికి ఇన్ని ప్రమాణాలు ఎందుకు?

ఇద్దరు మనుషుల మధ్య అయితే అక్కరలేదు. ఫైలు తెరుచుకోకపోతే అవతలివారు ఫోను చేసి మరో రూపంలో పంపమంటారు. రెండు యంత్రాల మధ్య ఆ సర్దుబాటు కుదరదు. అవతల ఉన్నది కీబోర్డు, తెర లేని ఒక పెట్టె కావచ్చు. వచ్చిన బిట్ల ప్రకారం కాగితం మీద నల్లచుక్కలు వేయడమే దాని పని. దానికి ఏ రూపంలో పంపితే తప్పకుండా అర్థమవుతుందో ముందే ఒప్పుకొని ఉండాలి.

రెండో కారణం ఇంకా పెద్దది. ఫ్యాక్స్‌ను జనం నమ్మింది బొమ్మ నాణ్యతను చూసి కాదు. పంపిన వెంటనే యంత్రం ఒక చీటీ ఇచ్చేది: ఫలానా నంబరుకు, ఇన్ని పేజీలు, సరిగా చేరాయి. ఆ భరోసాను ఈమెయిల్‌లోకి తీసుకురావడమే అసలు కష్టం. ప్రమాణాల్లో సగం పైగా శ్రమ దానికే పోయిందని నా అభిప్రాయం.

ఫోను లైనులో ఫ్యాక్స్ చేసే పనిలో ఈమెయిల్‌కు చేతకానిది ఏమిటి?

ఒక కాల్‌ను దగ్గరగా వినండి. పంపే యంత్రం నంబరు కలిపి 1100 హెర్ట్జ్ స్వరంతో కూత పెడుతుంది. అందుకునే యంత్రం ఫోను ఎత్తి 2100 హెర్ట్జ్ స్వరంతో పలుకుతుంది. ఆ తర్వాత సెకనుకు 300 బిట్ల నిదానమైన వేగంతో తన శక్తిసామర్థ్యాలు చెప్పుకుంటుంది: ఇంత వెడల్పు కాగితం ఉంది, ఇంత స్పష్టత ఇవ్వగలను, ఈ కుదింపు పద్ధతులు తెలుసు, ఈ వేగం వరకు వినగలను. పంపే యంత్రం అందులోంచి తనకు సరిపడేది ఎంచుకొని ఆ సంగతి చెబుతుంది. లైను ఎలా ఉందో చూడటానికి ఒక పరీక్ష సంకేతం పంపుతుంది. సరే అన్న జవాబు వచ్చాకే పేజీ కదులుతుంది. చివరి పేజీ అయిపోగానే 'ఇంతే' అంటుంది. అవతలి యంత్రం 'అందింది' అంటుంది. అప్పుడే ఫోను పెట్టేస్తారు. ఈ సంభాషణకు నియమావళి టీ.30.

ఈమెయిల్‌లో ఈ సంభాషణే లేదు. సందేశం ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు చేతులు మారుతూ పోతుంది. పంపే సమయానికి అవతలి యంత్రం ఆఫ్ అయి ఉండవచ్చు. దాని సామర్థ్యం అడగడానికి ఎవరూ ఎదురుగా లేరు. 'అందింది' అనే గొంతు కూడా లేదు.

1998కి ముందు ఎవరూ ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. 1993లో కార్ల్ మలముద్, మార్షల్ రోజ్ ఒక ప్రయోగం చేపట్టారు. ఫ్యాక్స్ నంబరులోని అంకెలను వెనుక నుంచి ముందుకు, ఒక్కో అంకె మధ్య చుక్క పెట్టి రాసి, చివర 'టీపీసీ.ఐఎన్‌టీ' అనే డొమైన్ చేర్చేవారు. ఆ చిరునామాకు పంపిన మెయిల్‌ను, ఆ ప్రాంతానికి ఫోను కలపగల స్వచ్ఛంద సర్వరు ఒకటి అందుకొని ఫ్యాక్స్‌గా మార్చి పంపేది. అంకెలను తిరగేయడంలో చక్కని ఆలోచన ఉంది. ఫోను నంబరులో దేశం కోడు ముందుంటుంది, డొమైన్ పేరులో పెద్ద విభాగం చివర ఉంటుంది. తిరగేస్తే రెండూ కలుస్తాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు వెలువడే నంబర్ల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. వాటిలో 1486, 1528 ఆ ప్రయోగం గురించినవే.

ఆ ప్రయోగం దారి చూపింది కానీ, వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కట్టుబాటు ఇవ్వలేదు. అది 1998 మార్చిలో వెలువడిన ఆరు పత్రాలతో వచ్చింది: ఆర్‌ఎఫ్‌సీ 2301 నుంచి 2306 వరకు.

టీ.37, టీ.38 రెండూ ఒకటేనా?

కావు. రెండూ 1998లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఆమోదించినవే, రెండూ ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ గురించినవే. టీ.37 ఈమెయిల్ పద్ధతి: దాచి, తర్వాత ముందుకు పంపడం. టీ.38 అప్పటికప్పుడు జరిగేది: రెండు ఫ్యాక్స్ యంత్రాల సంభాషణను ప్యాకెట్లుగా మార్చి నెట్‌వర్క్ మీదుగా దాటిస్తుంది. ఇంటర్నెట్ ఫోను లైనులో ఫ్యాక్స్ మధ్యలో తెగిపోతోందని ఎవరైనా అంటే, వారు మాట్లాడుతున్నది చాలావరకు టీ.38 అవసరమైన చోటు గురించే. ఈ పేజీ మాత్రం ఈమెయిల్ పద్ధతికే పరిమితం.

## ముసాయిదా దశలో

ఐఈటీఎఫ్, ఐటీయూ రెండూ ఎందుకు కలిశాయి? ఎవరి మాట చెల్లుతుంది?

ఫ్యాక్స్ ఐటీయూ సొత్తు. అందరూ వాడిన గ్రూప్ 3 ఫ్యాక్స్‌కు 1980లో రూపం ఇచ్చింది ఆ సంస్థ ప్రమాణాలే. ఈమెయిల్ ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సొత్తు. సర్వర్ల మధ్య మెయిల్ మోసే ఎస్‌ఎంటీపీని చూసుకునేది ఆ సంస్థే, మెయిల్‌కు ఫైళ్లు జతచేసే మైమ్ అక్కడే రూపుదిద్దుకుంది. ఒకరిని వదిలి మరొకరు రాస్తే, ఫ్యాక్స్ యంత్రాల తయారీదారులు ఒక దారి, మెయిల్ సర్వర్లు రాసేవారు ఇంకో దారి పట్టేవారు.

రెండు సంస్థల పద్ధతులు వేరు. ఐటీయూ ప్రభుత్వాలు సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ సంస్థ, దాని వేళ్లు 1865లో ఉన్నాయి. ఐఈటీఎఫ్‌లో సభ్యత్వమే లేదు. పాల్గొనేవారు ఏ దేశం తరఫునా, ఏ కంపెనీ తరఫునా కాక వ్యక్తులుగా మాట్లాడతారు. ఇంత తేడా ఉన్నా ఇక్కడ సయోధ్య కుదిరింది. వివరాలు ఐఈటీఎఫ్ రాసింది, టీ.37 ఆ ఆర్‌ఎఫ్‌సీలనే తనలో ప్రస్తావించి ఆమోదించింది. ఒకే విషయాన్ని రెండు చోట్ల రెండు రకాలుగా రాయకపోవడమే ఈ ఏర్పాటులోని గొప్పదనం. రెండు పాఠాలు ఉన్న ప్రమాణం కొన్నేళ్లకు రెండు ప్రమాణాలవుతుంది.

ముసాయిదా ఎవరైనా రాయవచ్చా? ఓటింగ్ ఉంటుందా?

ఎవరైనా రాయవచ్చు. ముసాయిదాకు ఆరు నెలల ఆయుష్షు. ఆలోగా సవరించి మళ్లీ పెట్టకపోతే గడువు తీరిపోతుంది. వర్కింగ్ గ్రూపులో చర్చ, ఆఖరి అభ్యంతరాలకు పిలుపు, తర్వాత మొత్తం ఐఈటీఎఫ్ ముందు మరో పిలుపు, ఆపైన నిర్వాహక బృందం పరిశీలన. ఇవన్నీ దాటితే ఆర్‌ఎఫ్‌సీగా నంబరు వస్తుంది.

ఓటింగ్ ఉండదు. స్థూలమైన ఏకాభిప్రాయం, నడిచే ప్రోగ్రాము, ఈ రెండే కొలమానాలు. స్థూలమైన ఏకాభిప్రాయం అంటే అందరూ తల ఊపడం కాదు, అభ్యంతరం చెప్పినవారి వాదన విని, దానికి సరైన సమాధానం ఇచ్చి ముందుకు వెళ్లడం. కొత్తవారికి ఇది నెమ్మదిగా, చిరాకుగా అనిపిస్తుంది. కానీ ఫ్యాక్స్ లాంటి విషయంలో 'మా యంత్రం అలా పనిచేయదు' అని ఒక్కరు అన్నా ఆగి వినాల్సిందే. అలాంటి యంత్రాలు లక్షల్లో బయట ఉండవచ్చు.

'తప్పనిసరి', 'చేయడం మంచిది', 'చేయవచ్చు' మధ్య తేడా గురించి అంత వాదన ఎందుకు?

ఈ మాటలకు ఆర్‌ఎఫ్‌సీ 2119 కచ్చితమైన అర్థం ఇచ్చింది. ఆంగ్లంలో 'మస్ట్' అని పెద్ద అక్షరాల్లో ఉంటే, అది చేయని సాఫ్ట్‌వేర్ ప్రమాణానికి లోబడనట్టే. 'షుడ్' అంటే బలమైన కారణం ఉంటే తప్ప మానకూడదు, మానితే వచ్చే ఫలితం తెలిసి ఉండాలి. 'మే' అంటే మీ ఇష్టం. అయితే ఎదుటివారు ఆ పని చేసినా చేయకపోయినా మీ సాఫ్ట్‌వేర్ తట్టుకోవాలి.

ఒక ఉదాహరణ. అతి సాధారణమైన నలుపు తెలుపు రూపాన్ని ప్రతి యంత్రం పంపగలగాలి, చదవగలగాలి అనేది 'తప్పనిసరి'. దీన్ని 'మంచిది'గా సడలించి ఉంటే, ఎవరికి వారు తమకు నచ్చిన రూపంలోనే పంపేవారు. అందుకునే పెట్టె ఖాళీ కాగితం బయటపెట్టేది. ఒక్క మాట బరువు అంత.

పదాలకూ లక్ష్యాలకూ ఒక ప్రత్యేక పత్రం అవసరమా?

చాలా అవసరం. 1999 మార్చిలో లారీ మాసింటర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2542 ఆ పనే చేసింది. 'ఇంటర్నెట్ ఫ్యాక్స్' అన్న మాటను ఒకరు మెయిల్ నుంచి ఫోనుకు అనీ, ఇంకొకరు ఫోను నుంచి మెయిల్‌కు అనీ, మరొకరు ఫోనే లేని పద్ధతి అనీ అర్థం చేసుకునేవారు. ఆ పత్రం పాత్రలను విడదీసింది. ఫోను ఫ్యాక్స్‌ను అందుకొని ఇంటర్నెట్‌లోకి ఎక్కించేది ఆన్‌ర్యాంప్ గేట్‌వే. ఇంటర్నెట్ నుంచి దించి ఫోను లైనులో పెట్టేది ఆఫ్‌ర్యాంప్ గేట్‌వే. నేరుగా నెట్‌వర్క్‌కు కలిసి ఉండే ఫ్యాక్స్ యంత్రం వేరు. ఈ మూడింటికీ బాధ్యతలు వేరు కాబట్టి పేర్లూ వేరుగా ఉండాలి.

## బొమ్మ ఫైలు, చిరునామా

టిఫ్ ఎందుకు? పీడీఎఫ్ ఎందుకు కాదు?

ఫ్యాక్స్ యంత్రం కుదించిన బిట్లను టిఫ్ అనే బొమ్మ ఫైలు రూపం ఉన్నవి ఉన్నట్టుగా మోయగలదు. ఫోను లైను నుంచి వచ్చిన పేజీని గేట్‌వే విప్పి మళ్లీ కుదించనక్కర లేకుండా, దాదాపు అలాగే ఫైలులో సర్దేయవచ్చు. అప్పటికే ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్లలో టిఫ్ వాడుకలో ఉంది కూడా. పీడీఎఫ్ ఆ రోజుల్లో ఒక కంపెనీ చేతిలోని రూపం. అది ఐఎస్‌ఓ ప్రమాణంగా మారింది 2008లో. పైగా పీడీఎఫ్ పేజీని ముద్రించాలంటే అక్షరాలు, గీతలు, బొమ్మలు గీయగల ఇంజిన్ కావాలి. చౌక ఫ్యాక్స్ పెట్టెకు అంత మోత కుదరదు.

ఎస్, ఎఫ్, జే, సీ, ఎల్, ఎం... ఇన్ని ప్రొఫైళ్లలో మేము ఏది పాటించాలి?

ప్రొఫైల్ అంటే టిఫ్ ఫైలులో ఏ సౌకర్యాలు వాడవచ్చో చెప్పే కట్టుబాటు. ఎస్ తప్పదు, మిగతావి మీ అవసరం. ఎస్ అందరికీ అర్థమయ్యే కనీస నలుపు తెలుపు రూపం. ఎఫ్‌లో నలుపు తెలుపులోనే మరిన్ని కుదింపులు, స్పష్టతలు ఉంటాయి. జే ప్రొఫైల్ జేబిగ్ అనే కుదింపు పద్ధతి కోసం. సీ, ఎల్ రంగుల కోసం. ఎం ఒకే పేజీలో అక్షరాలను, ఫొటోలను వేర్వేరు పొరలుగా విడదీసి ఒక్కో పొరకు తగిన కుదింపు ఇస్తుంది. ఎం చాలా తెలివైన ఏర్పాటు. కానీ దాని పొరలు మామూలు టిఫ్ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కావు. అందుకే ఆ కోవకు చెందిన ఫైళ్లు మామూలు టిఫ్ అనే ముద్రతో తిరగకుండా 'టిఫ్-ఎఫ్‌ఎక్స్' అనే వేరే మైమ్ రకం నమోదైంది.

పది పేజీలు ఉంటే పది అటాచ్‌మెంట్లు పెట్టాలా?

వద్దు. ఒకే టిఫ్ ఫైలులో పది పేజీలు వరుసగా ఉండాలి. ప్రతి పేజీకి ఫైలులో ఒక వివరాల పట్టిక ఉంటుంది. ఒక పట్టిక తర్వాతి పట్టిక ఎక్కడుందో చెబుతుంది. విడి అటాచ్‌మెంట్లుగా పెడితే అవి ఏ క్రమంలో ముద్రితమవుతాయో పూచీ ఉండదు.

ఒక పేజీ మెయిల్‌లో ఎంత చోటు తీసుకుంటుంది?

లెక్క వేసి చూద్దాం. ఫ్యాక్స్‌లో అడ్డుగీతకు 1728 చుక్కలు. సాధారణ స్పష్టతలో నిలువున మిల్లీమీటరుకు 3.85 గీతలు. ఏ4 కాగితం 297 మిల్లీమీటర్లు కాబట్టి సుమారు 1143 గీతలు. మొత్తం దాదాపు 20 లక్షల చుక్కలు, అంటే కుదించకపోతే 20 లక్షల బిట్లు. నాణ్యమైన స్పష్టతలో గీతలు రెట్టింపు, బిట్లు సుమారు 40 లక్షలు.

ఇప్పుడు కుదింపు. ప్రొఫైల్ ఎస్ వాడే మాడిఫైడ్ హఫ్‌మన్ పద్ధతి ఒక గీతలో ఎన్ని తెల్లచుక్కలు, తర్వాత ఎన్ని నల్లచుక్కలు అని లెక్కపెట్టి, ఆ లెక్కలకు పొట్టి సంకేతాలు రాస్తుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న గీత తీసుకోండి. 1728 తెల్లచుక్కలకు 9 బిట్ల సంకేతం, దాన్ని ముగించడానికి సున్నా పొడవుకు 8 బిట్ల సంకేతం. 1728 బిట్లు 17 బిట్లయ్యాయి. టైపు చేసిన ఉత్తరంలో పంక్తుల మధ్య ఉండే తెలుపంతా ఇలాగే కరిగిపోతుంది. మెయిల్‌లో పెట్టేటప్పుడు బైట్లను మామూలు అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతిలో రాయడం వల్ల మళ్లీ మూడోవంతు పెరుగుతుంది. మొత్తం మీద మామూలు ఉత్తరం పేజీ కొన్ని పదుల కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ముదురు ఫొటోలు, చుక్కల నీడలు ఉన్న పేజీకి మాత్రం ఈ లెక్క వర్తించదు. నలుపు తెలుపు తరచుగా మారితే ఈ పద్ధతిలో కుదించిన ఫైలు అసలు కన్నా పెద్దదయ్యే అవకాశమూ ఉంది.

ఫ్యాక్స్ నంబరును మెయిల్ చిరునామాగా ఎలా రాయాలి?

ఎట్ గుర్తుకు ఎడమవైపు 'ఫ్యాక్స్' అనే మాట, సమానం గుర్తు, ప్లస్ గుర్తు, దేశం కోడుతో మొదలయ్యే పూర్తి నంబరు. కుడివైపు ఆ పని చేసే గేట్‌వే డొమైన్. చూడటానికి ఇలా ఉంటుంది: ఫ్యాక్స్=+నంబరు@గేట్‌వే. అసలు చిరునామాలో ఇవన్నీ రోమన్ అక్షరాలే. ఒకే ఫ్యాక్స్ నంబరు వెనుక అనేక విభాగాలు ఉంటే, నంబరు తర్వాత ఏటవాలు గీత పెట్టి ఉపచిరునామా చేర్చే వీలు కూడా ఉంది. ఈ పద్ధతిని క్లాడియో అలోకియో రాశారు. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న పాఠం 2001 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 3192.

అందరూ చేసే పొరపాటు నంబరుకు ముందు సున్నా, లేదా బయటి లైను కోసం నొక్కే అంకె చేర్చడం. చిరునామాలో ఉండాల్సింది ప్రపంచంలో ఎక్కడి నుంచి చూసినా ఒకేలా ఉండే నంబరు. తన దగ్గర ఏ అంకెలు నొక్కాలో గేట్‌వే చూసుకుంటుంది.

## రసీదు, సామర్థ్యం

మెయిల్ వెళ్లింది, తిరిగి ఏ లోపమూ రాలేదు. చేరినట్టే కదా?

అలా అనుకోకండి. లోపం రాకపోవడం నిశ్శబ్దం మాత్రమే, దాన్ని రసీదుగా లెక్కించకూడదు. 1998 నాటి సరళ పద్ధతి (ఆర్‌ఎఫ్‌సీ 2305) రసీదును తప్పనిసరి చేయలేదు. త్వరగా, తక్కువ ఖర్చుతో యంత్రాలు బయటికి రావాలన్నది అప్పటి ఉద్దేశం. ఏడాది తర్వాత, 1999 మార్చిలో, ఆర్‌ఎఫ్‌సీ 2532 'విస్తృత పద్ధతి'ని తెచ్చి రసీదుల సంగతి చూసింది. మీ ఉత్పత్తి సరళ పద్ధతి మాత్రమే పాటిస్తుంటే, వాడేవారికి ఆ మాట స్పష్టంగా చెప్పండి. తెర మీద 'పంపబడింది' అని చూపండి, 'చేరింది' అని చూపకండి.

డీఎస్‌ఎన్, ఎండీఎన్ రెండూ రసీదులే కదా, తేడా ఏమిటి?

డీఎస్‌ఎన్ మెయిల్ సర్వరు ఇచ్చేది. సందేశం అవతలి మెయిల్‌పెట్టెలో పడిందనో, పడలేదనో, ఆలస్యమవుతోందనో చెబుతుంది. తపాలా బంట్రోతు మాట లాంటిది: ఉత్తరం డబ్బాలో వేశాను. ఎండీఎన్ అందుకున్నవారి వైపు నుంచి వచ్చేది. సందేశాన్ని తెరిచారనో, యంత్రం దాన్ని ముద్రణకు తీసుకుందనో, చూడకుండా తీసేశారనో చెబుతుంది. డబ్బా తీసి చదివినవారి మాట.

ఫ్యాక్స్ చీటీకి దగ్గరగా ఉండేది రెండోది. కానీ దానికి ఒక హద్దు ఉంది. తాను చదివానో లేదో చెప్పకుండా ఉండే హక్కు అందుకునే మనిషికి ఉంది. సాఫ్ట్‌వేర్ అనుమతి అడిగితే అతను కాదనవచ్చు. ఈ హక్కును ప్రమాణం గౌరవించింది, అది సరైన నిర్ణయం. మనిషి జోక్యం లేకుండా ముద్రించే యంత్రం సంగతి వేరు. పేజీ అచ్చయ్యాక దానంతటదే జవాబు పంపేలా అమర్చుకోవచ్చు.

ఆఫ్‌ర్యాంప్ గేట్‌వే 'చేరింది' అని ఎప్పుడు చెప్పాలి?

అవతలి ఫ్యాక్స్ యంత్రం చివరి పేజీకి 'అందింది' సంకేతం ఇచ్చిన తర్వాతే. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. మెయిల్ తన దగ్గరికి రాగానే 'చేరింది' అని జవాబిచ్చే గేట్‌వేను ఒకసారి దగ్గరగా చూశాను. లాగ్ తెరిస్తే అవతలి నంబరు గంటల తరబడి బిజీగా ఉంది, పేజీలు ఇంకా వరుసలోనే ఉన్నాయి, పంపినవారి చేతిలో మాత్రం రసీదు ఉంది. రసీదు ఇవ్వని సేవను వాడేవారు కనీసం ఫోను చేసి కనుక్కుంటారు. తప్పుడు రసీదు ఇస్తే ఆ జాగ్రత్త కూడా పోతుంది. ముందుకు పంపాను కానీ చివరి ఫలితం చెప్పలేను అన్న పరిస్థితికి డీఎస్‌ఎన్‌లో 'రిలేడ్' అనే వేరే మాట ఉంది. నిజం అదైతే ఆ మాటే వాడండి.

అవతలి యంత్రం రంగు ముద్రించగలదో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

మొదటిసారి పంపేటప్పుడు తెలియదు. అందుకే మొదటిసారి కనీస రూపం. ఆ తర్వాత కొన్ని దారులు ఉన్నాయి.

మొదటిది జ్ఞాపకం. అందుకున్న యంత్రం తిరిగి పంపే రసీదులోనే తన సామర్థ్యాల వివరం చేర్చేలా ఆర్‌ఎఫ్‌సీ 2530 ఏర్పాటు చేసింది. రంగు తెలుసా, ఎంత స్పష్టత, ఏ కుదింపు అన్నవి యంత్రం చదవగల సూత్రంగా అందులో ఉంటాయి. పంపిన యంత్రం దాన్ని దాచుకొని వచ్చేసారి మంచి నాణ్యతలో పంపుతుంది. చిక్కు ఏమిటంటే, ఈలోగా అవతలివారు యంత్రం మార్చి ఉండవచ్చు. కాబట్టి దాచుకున్న వివరానికి ఒక గడువు పెట్టుకోవాలి.

రెండోది బేరం. 2002 జూలై నాటి ఆర్‌ఎఫ్‌సీ 3297 ప్రకారం కనీస రూపాన్ని పంపుతూ 'నా దగ్గర ఇంతకన్నా మంచి ప్రతి కూడా ఉంది' అని తెలపవచ్చు. అది కావాలనుకున్న యంత్రం తన సామర్థ్యం చెప్పి అడుగుతుంది. ఫోను ఫ్యాక్స్‌లో క్షణాల్లో జరిగే సంభాషణ ఇక్కడ ఉత్తరాల్లో జరుగుతుంది.

మూడోది, 2005 నవంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 4141: మెయిల్ అప్పగించే సమయంలోనే సర్వరు అందుకునేవారి సామర్థ్యం చెప్పడం. వినడానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. కానీ మధ్యలో వచ్చే ప్రతి సర్వరూ దాన్ని పాటించాలి. ఒకటి పాటించకపోతే గొలుసు తెగుతుంది.

## పరీక్ష దశలో

పత్రం ప్రకారమే రాశాం, అయినా అవతల పేజీ పాడై వస్తోంది. ఎక్కడ వెతకాలి?

పేజీ ఎలా పాడైందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

కాగితమంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తే, సున్నా అంటే తెలుపా నలుపా అని చెప్పే గుర్తును ఒక పక్షం పట్టించుకోలేదు. పేజీ అంతా గీతలు, చెత్తగా వస్తే, బైటులో బిట్లను ఏ చివర నుంచి చదవాలన్న గుర్తు తప్పింది. ఫ్యాక్స్ లైనులో మొదట వచ్చిన బిట్‌ను బైటు అడుగున పెట్టడం ప్రొఫైల్ ఎస్ నియమం. చాలా బొమ్మ సాఫ్ట్‌వేర్లకు దీనికి ఎదురు అలవాటు. కుదించిన సమాచారంలో బిట్ల వరుస తిరగబడితే ఒక్క సంకేతం కూడా అర్థం కాదు.

అక్షరాలు నిలువునా నొక్కేసినట్టు, పేజీ సగం ఎత్తుకు కుదించుకుపోయినట్టు కనిపిస్తే, అది అన్నిటికన్నా తరచుగా వచ్చే తప్పు. సాధారణ స్పష్టతలో అడ్డంగా అంగుళానికి 204 చుక్కలు, నిలువుగా 98. చుక్క చతురస్రం కాదు, వెడల్పు కన్నా ఎత్తు రెట్టింపు. రెండు స్పష్టతలూ ఒకటే అనుకునే సాఫ్ట్‌వేర్ ఆ పేజీని నొక్కి చూపుతుంది. నా సలహా: మొదటి పరీక్ష పేజీలో ఒక పెద్ద వృత్తం గీయండి. ఎదురుగా అండాకారం వస్తే మరేదీ వెతకనక్కరలేదు.

ఇలాంటి అనుభవాలను కూడగట్టి అమలు చేసేవారి కోసం రాసిన మార్గదర్శి కూడా ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 3249, 2002 సెప్టెంబరు. ప్రమాణం కన్నా ముందు దాన్ని చదివినా తప్పులేదు.

మా గేట్‌వేను అందరికీ తెరిచి ఉంచితే ఏమవుతుంది?

ఫోను బిల్లు వస్తుంది. మామూలు మెయిల్ సర్వరును తెరిచి ఉంచితే ఇతరులకు అనవసర మెయిళ్లు పోతాయి. ఆఫ్‌ర్యాంప్‌ను తెరిచి ఉంచితే ప్రతి దుర్వినియోగానికీ మీ ఖర్చుతో ఒక కాల్ వెళుతుంది, అవతల ఎవరి కాగితమో ఖర్చవుతుంది. పంపేవారిని ఎస్‌ఎంటీపీ ధ్రువీకరణతో గుర్తించండి, దారిని టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణతో మూసి ఉంచండి, ఏ దేశాలకు కాల్ చేయవచ్చో జాబితా పెట్టండి, రోజుకు ఇన్ని పేజీలని హద్దు పెట్టండి. మెయిల్‌లోని 'నుంచి' పేరు ఎవరైనా రాసుకోగలరు కాబట్టి దాన్ని చూసి అనుమతి ఇవ్వకండి.

ఈమెయిల్ ద్వారా వచ్చిన ఫ్యాక్స్ సంతకం చట్టం ముందు చెల్లుతుందా?

ప్రమాణం ఆ విషయం తేల్చదు. అది దేశాల చట్టాల పని. పేజీ మారకుండా వచ్చిందని, ఫలానావారే పంపారని చూపడానికి ఎస్-మైమ్, ఓపెన్‌పీజీపీ లాంటి సాధనాలు మెయిల్‌లో ఉన్నాయి. ఫోను లైను దాకా వెళ్లే పేజీకి మాత్రం ఆ ముద్ర గేట్‌వే దగ్గరే ఆగిపోతుంది.

## ప్రచురణ తర్వాత

'ప్రతిపాదిత ప్రమాణం' అని ఉంది. అంటే ఇంకా ఖరారు కాలేదా?

పేరు చూసి వెనుకాడకండి. ఐఈటీఎఫ్ పరిశీలనలన్నీ దాటి వచ్చిన పత్రానికి మొదటి మెట్టు అది. ఫ్యాక్స్ పత్రాలు రూపొందిన కాలంలో మూడు మెట్లు ఉండేవి: ప్రతిపాదిత, ముసాయిదా ప్రమాణం, పూర్తి ప్రమాణం. రెండో మెట్టు ఎక్కాలంటే విడివిడిగా రాసిన రెండు సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి సరిగా పనిచేస్తున్నాయని చూపాలి. సరళ పద్ధతి, టిఫ్ రూపం రెండూ ఆ మెట్టు ఎక్కాయి. 2011లో ఆ మధ్య మెట్టునే తీసేశారు.

వెతికితే 2305 కనిపిస్తోంది, 3965 కూడా కనిపిస్తోంది. దేన్ని పాటించాలి?

3965ను. ఒకసారి ప్రచురించిన ఆర్‌ఎఫ్‌సీలో అక్షరం కూడా మార్చరు. సవరణ కావాలంటే కొత్త నంబరుతో కొత్త పత్రం వస్తుంది, పాతది చరిత్రగా అక్కడే ఉండిపోతుంది. సరళ పద్ధతికి 1998 నాటి 2305 స్థానంలో 2004 డిసెంబరు నాటి 3965 వచ్చింది. టిఫ్ రూపానికి 2301 పోయి 2005 ఫిబ్రవరి నాటి 3949 వచ్చింది. చిరునామా విషయంలో 2304 బదులు 3192. ఏ పత్రం తెరిచినా మొదటి పేజీ పైభాగంలో అది దేన్ని రద్దు చేస్తోందో రాసి ఉంటుంది. తనను ఏది రద్దు చేసిందో మాత్రం పాత పత్రం పాఠంలో ఉండదు, ఎందుకంటే అది రాసేనాటికి కొత్తది పుట్టలేదు. ఆ సమాచారం ఆర్‌ఎఫ్‌సీల సూచికలో దొరుకుతుంది. ముందు సూచిక చూసి, ఆ తర్వాత పత్రం తెరవండి.